గాలికని వెళ్ళి గాలాడక: ఎలక్ట్రిక్ కారు అద్దం దిగకపోతే ఎక్కడ వెతకాలి?

కార్తీక పౌర్ణమికి మైపాడు వెళ్ళాం. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు. ఇందుకూరుపేట దాటాక రోడ్డుకి అటూ ఇటూ రొయ్యల చెరువులు, ఆ తర్వాత సముద్రం. మామయ్య వాళ్ళ ఎలక్ట్రిక్ కారులో వెళ్ళాం. బీచ్ రాగానే మేమంతా నీళ్ళ వైపు పరిగెత్తాం. అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులు, కారులోనే కూర్చుంటానంది. ఏసీ వేసి, కారు ఆన్‌లోనే ఉంచి దిగాం.

కాసేపటికి ఆమెకి చలేసింది. అద్దం దించుకుందామని బటన్ నొక్కింది. దిగలేదు. పోనీ తలుపు తీద్దామంటే, పిల్లల కోసం పెట్టిన చైల్డ్ లాక్ అలాగే ఉంది. లోపలి హ్యాండిల్ ఎంత లాగినా రాలేదు. అద్దం మీద తట్టింది. అలల హోరులో, జనం గోలలో ఎవరికి వినిపిస్తుంది? మేం తిరిగొచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అమ్మమ్మ కళ్ళలో నీళ్ళు.

"గాలి కోసం సముద్రం దాకా వచ్చి, గాలాడని డబ్బాలో కూర్చున్నా గదరా" అంది. ఆ తర్వాత ముందున్న స్క్రీన్ వైపు చెయ్యి చూపించి ఒక ప్రశ్న వేసింది. "బ్యాటరీ ఎనభై శాతం ఉండాదని చూపిస్తా ఉందే. ఇంత బండిని లాగేది, ఈ పాటి అద్దాన్ని దించలేదా?"

మేం ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్ళం. ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఆ ప్రశ్నకి జవాబే ఈ వ్యాసం.

ఒక బండి, రెండు బ్యాటరీలు

స్క్రీన్ మీద ఎనభై శాతం అని కనిపించేది చక్రాలు తిప్పే పెద్ద బ్యాటరీ. ఎక్కువ కార్లలో అది 300, 400 వోల్టుల దరిదాపుల్లో పనిచేస్తుంది. అద్దాలు, లైట్లు, హారన్, తాళాలు, స్క్రీన్ మాత్రం దాంతో నేరుగా నడవవు. వాటికి పెట్రోలు కారులో ఉన్నట్టే ఇంకో చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. పెట్రోలు బండిలో దాన్ని ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తుంది. ఎలక్ట్రిక్ బండిలో ఆ పని డీసీ-డీసీ కన్వర్టర్‌ది. పెద్ద బ్యాటరీ వోల్టేజీని 14 వోల్టుల దగ్గరికి తగ్గించి చిన్నదానికి పోస్తుంది.

అసలు విచిత్రం ఏమిటంటే, పెద్ద బ్యాటరీని బండికి కలిపే కాంటాక్టర్లు మూసుకోవడానికి కూడా ఈ 12 వోల్టులే కావాలి. చిన్నది చచ్చిపోతే పెద్దది నిండుగా ఉన్నా బండి లేవదు. ఇంటి నిండా ధాన్యం ఉన్నా గాదె తాళంచెవి పోతే పస్తే కదా.

ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. పెట్రోలు బండిలో చిన్న బ్యాటరీ నీరసపడితే సెల్ఫ్ కొట్టినప్పుడు మూలుగుతుంది, మనకి ముందే తెలుస్తుంది. ఎలక్ట్రిక్ బండిలో సెల్ఫ్ మోటారు లేదు కాబట్టి ఆ మూలుగు వినపడదు. అందుకే అద్దం మెల్లగా దిగడం, తాళం ఒక్కోసారి పట్టకపోవడం లాంటి చిన్న గుర్తుల్ని పట్టించుకోవాలి. మామయ్య కారులో ఆ ఎడమ వెనక అద్దం రెండు వారాలుగా నత్తలా దిగుతోందట. "ఏసీ ఉందిగా" అని ఊరుకున్నారు.

ముందు విప్పకుండా తేల్చండి

స్క్రూడ్రైవర్ ముట్టుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఒక్క అద్దమా, అన్నీనా?

అన్నీ ఆగిపోతే: ముందు బండి ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆఫ్ చేసిన కొద్దిసేపటికి చాలా కార్లలో అద్దాలు పనిచేయవు, అది రిపేరు కాదు. ఆన్‌లో ఉన్నా రాకపోతే చిన్న బ్యాటరీ మీద అనుమానం. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే, బండి ఆఫ్ చేసి కాసేపు ఆగాక మీటరు పెడితే 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే సుమారు సగం. 12కి దిగువన ఉంటే ఛార్జింగ్ అయినా, బ్యాటరీ మార్చడమైనా తప్పదు. కొన్ని కార్లలో చిన్న బ్యాటరీ కూడా లిథియందే ఉంటుంది, దానికి ఈ లెక్కలు వర్తించవు. మీటరు లేకపోతే ఇంకో ఉపాయం ఉంది. బండి యాక్సెసరీలో ఉన్నప్పుడొకసారి, పూర్తిగా రెడీలో పెట్టి ఒకసారి అద్దం దించి చూడండి. రెడీలో చురుగ్గా, యాక్సెసరీలో నీరసంగా ఉంటే చిన్న బ్యాటరీ అలసిపోయినట్టే. రెడీలో కన్వర్టర్ తోడుగా ఉంటుంది, యాక్సెసరీలో అది ఒంటరిది.

డ్రైవర్ది తప్ప మిగతావి ఆగిపోతే: డ్రైవర్ తలుపు మీద అద్దాల లాక్ బటన్ ఉంటుంది. ఎవరి మోచెయ్యో తగిలి అది పడి ఉండొచ్చు. నవ్వకండి, మేం అరగంట దీని మీదే పోగొట్టుకున్నాం.

ఒక్కటే ఆగితే: దాన్ని రెండు చోట్ల నుంచి నొక్కి చూడండి. ఆ తలుపు మీది స్విచ్‌తో రాకుండా డ్రైవర్ స్విచ్‌తో వస్తే మోటారు, వైర్లు బాగున్నాయి, తప్పు ఆ చిన్న స్విచ్‌ది. ఎక్కుతుంది కానీ దిగదు అంటే కూడా మోటారు బతికే ఉంది. అద్దం మోటారుకి రెండే వైర్లు. దించేటప్పుడు ఒక దానికి ప్లస్, రెండో దానికి మైనస్ వెళ్తుంది. ఎక్కించేటప్పుడు అవి తారుమారవుతాయి. ఒక దిక్కు పనిచేసి రెండోది చేయకపోతే ఆ తారుమారు చేసే చోటు, అంటే స్విచ్ కాంటాక్టో, రిలేనో, డోర్ మాడ్యూలో చూడాలి.

చెవి పెట్టి వినండి

బటన్ నొక్కినప్పుడు వచ్చే చప్పుడు సగం జవాబు చెప్పేస్తుంది.

ఏ చప్పుడూ లేదు: కరెంటు అక్కడిదాకా రావటం లేదు. ఫ్యూజు, స్విచ్, లేదా తలుపు సందులో తెగిన వైరు. ఫ్యూజు పోయి ఉంటే అదే ఆంపియర్లది వేయండి. పచ్చది 30, పసుపుది 20. పసుపు చోట పచ్చ పెడితే ఈసారి కాలేది ఫ్యూజు కాదు, వైరు. ఇక తలుపుకీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో వెళ్ళే వైర్లు తలుపు తీసిన ప్రతిసారీ వంగి వంగి లోపల తెగుతాయి. బటన్ నొక్కి పట్టుకుని, ఇంకొకరు తలుపుని మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉంటే, ఏదో ఒక చోట అద్దం ఉలిక్కిపడి కదులుతుంది. దొంగ అక్కడే ఉన్నాడు.

గిర్రున చప్పుడు, అద్దం కదలదు: మోటారు తిరుగుతోంది, అద్దాన్ని పట్టుకున్న రెగ్యులేటర్ తీగ తెగిపోయింది.

కొంచెం ఎక్కి మళ్ళీ దిగిపోతుంది: వేలు ఇరుక్కుందనుకుని వెనక్కి తీసే భద్రతా ఏర్పాటు ఇది. పక్క రబ్బరు గట్టిపడ్డా అలాగే అనుకుంటుంది. అద్దం పని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ పని కూడా. 2022 సెప్టెంబరులో అమెరికాలో టెస్లా సుమారు 11 లక్షల కార్లకి రీకాల్ ప్రకటించింది ఈ ఏర్పాటు కోసమే. ఒక్క స్క్రూ విప్పకుండా అప్‌డేట్ పంపి సరిచేసింది.

"టిక్" మని ఆగిపోతుంది: కరెంటు వస్తోంది, మోటారు ప్రయత్నిస్తోంది, కానీ బలం చాలటం లేదు. రబ్బరు అద్దాన్ని పట్టేసిందా, మోటారు అరిగిందా, లేక మోటారుకి చేరాల్సిన కరెంటు దారిలోనే పోతోందా అని తేల్చాలి. మా అమ్మమ్మ అద్దం ఇదే చేసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. రాలేదు కదా అని పదే పదే నొక్కకండి. మోటారు వేడెక్కి లోపలి రక్షణ తెగిపోతుంది, పది పదిహేను నిమిషాలు అసలు చప్పుడే రాదు. అప్పుడు మనం ఫ్యూజు వెంట పడతాం. రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

మీటరుని తప్పు ప్రశ్న అడిగాం

నెల్లూరులో ఒక షాపులో చూపిస్తే మోటారుతో సహా మొత్తం మార్చాలన్నారు. వాళ్ళిచ్చిన లిస్టు తిక్కన గారి పదిహేను పర్వాలంత ఉంది. మామయ్య ముఖం మాడిపోయింది. "మేం చూస్తాం మామయ్యా" అన్నాను ధైర్యంగా.

చిన్న బ్యాటరీ మైనస్ తీసి, కాసేపు ఆగి, తలుపు ప్యానెల్ విప్పాం. ఎలక్ట్రిక్ బండి కదా అని భయపడక్కర్లేదు, తలుపులోకి వచ్చేది 12 వోల్టులే. నారింజ రంగు తొడుగున్న కేబుళ్ళు మాత్రం ఎక్కడ కనిపించినా ముట్టుకోకూడదు, అవి పెద్ద బ్యాటరీవి. ప్యానెల్ వచ్చాక మైనస్ మళ్ళీ కలిపి, మోటారు కనెక్టర్ ఊడదీసి, దానిలో మీటరు పెట్టి బటన్ నొక్కాను. 12.6 వోల్టులు! నిండుగా వస్తోంది. "అయితే మోటారే పోయింది" అని తీర్పు చెప్పేశాను.

మామయ్య రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లు చూసే ఎలక్ట్రీషియన్ అన్న అప్పుడే అటు వచ్చాడు. పదో తరగతి వరకే చదివాడు. నా తీర్పు విని నవ్వాడు.

"మీటరు అబద్ధం చెప్పదు అబ్బయ్యా. నువ్వే దాన్ని తప్పు ప్రశ్న అడిగినావు. ఉత్తి వైరు మీద వోల్టేజీ చూస్తే ఏం తెలస్తది? బరువు పెట్టి చూడు."

అని ఒక పాత హెడ్‌లైట్ బల్బు తెచ్చాడు. 55 వాట్లది. మోటారు బదులు కనెక్టర్ దగ్గర దాన్ని కలిపి బటన్ నొక్కమన్నాడు. తెల్లగా వెలగాల్సిన బల్బు పసుపు పచ్చగా, సంధ్యాదీపంలా వెలిగింది. పాత రకం సాదా వైరింగ్ కాబట్టి బల్బు పెట్టాం. డోర్ మాడ్యూల్ ఉన్న బండిలో బల్బు ప్రయోగం వద్దు. మోటారు తగిలించి ఉండగానే వెనక నుంచి మీటరు పెట్టి చూడాలి.

మేమూ తర్వాత అదే చేశాం. మోటారు కలిపి, నేను బటన్ ఒక్క సెకను నొక్కితే, అన్న మోటారు పిన్నుల దగ్గర మీటరు పెట్టాడు. అయిదున్నర చిల్లర. మిగతా ఏడు వోల్టులు ఎటు పోయాయి?

ఒక చిన్న లెక్క

మోటారు వైండింగ్ రెసిస్టెన్స్ 0.8 ఓం అనుకుందాం. కదలడం మొదలయ్యే క్షణంలో బ్యాక్ ఈఎమ్‌ఎఫ్ ఉండదు కాబట్టి ఓమ్స్ లా నేరుగా వాడొచ్చు.

దారి శుభ్రంగా ఉంటే కరెంటు = 12.6 ÷ 0.8 = 15.75 ఆంపియర్లు.

దారిలో ఒక పిన్ను దగ్గర 1 ఓం అడ్డం చేరితే కరెంటు = 12.6 ÷ 1.8 = 7 ఆంపియర్లు.

డీసీ మోటారులో టార్క్ కరెంటుని బట్టి ఉంటుంది. అంటే బలం సగానికంటే తక్కువకి పడిపోయింది. మోటారుకి దక్కేది 7 × 0.8 = 5.6 వోల్టులు. పిన్ను మింగేది 7 వోల్టులు. అక్కడ పుట్టే వేడి 7 × 7 × 1 = 49 వాట్లు. మన ల్యాబులో వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు రెండు కలిపి అగ్గిపుల్ల తలంత పిన్ను మీద పెట్టినట్టు.

మరి మొదట మీటరు 12.6 ఎందుకు చూపింది? డిజిటల్ మల్టీమీటర్ లోపలి రెసిస్టెన్స్ సాధారణంగా 10 మెగా ఓములు. దాని గుండా వెళ్ళేది మైక్రోఆంపియర్ చిల్లర. అంత కరెంటుకి 1 ఓం దగ్గర పడే వోల్టేజీ కూడా మైక్రోవోల్టు చిల్లరే. మీటరు కంటికి ఆ అడ్డం ఆనదు. ఊరికే పలకరిస్తే అందరూ చుట్టాలే, బరువు మోయమన్నప్పుడే ఎవరు ఎవరో తేలుతుంది.

అందుకని గుర్తుంచుకోవాల్సిన పద్ధతి ఇది: కరెంటు పారుతున్నప్పుడే కొలవండి. కనెక్టర్‌కి ఇటొక మొన, అటొక మొన పెట్టి ఎంత వోల్టేజీ పోతోందో చూడండి. మంచి కనెక్షన్ దగ్గర వోల్టులో పదో వంతు, రెండు వంతులు మించకూడదు. ఎక్కడ వోల్టులకి వోల్టులు పోతున్నాయో అక్కడే రోగం. ప్లస్ దారి చూశాక మైనస్ దారిని కూడా ఇలాగే చూడాలి. చాలామంది దాన్ని మర్చిపోతారు.

చిలుము కథ

కనెక్టర్ విప్పి చూస్తే పచ్చటి పొడి. ఇత్తడి చెంబుకి పట్టే చిలుమే. అన్నకి ఏరేటర్ల దగ్గర ఇది రోజూ చూసే బాగోతం.

సముద్రం దగ్గర గాలిలో ఉప్పు తుంపరగా ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని తానే నీరవుతుంది. వర్షాకాలంలో మనింట్లో ఉప్పు డబ్బా చెమర్చేది ఇందుకే. తీరంలో రాత్రిపూట అంత తేమ మామూలే. అంటే వాన పడకపోయినా పిన్నుల మీద ఉప్పునీటి పొర ఏర్పడుతుంది. పక్కపక్కనే ఒక ప్లస్ పిన్ను, ఒక మైనస్ పిన్ను, మధ్య ఉప్పునీరు. ఇంటర్‌లో చదివిన ఎలక్ట్రోలిసిస్ ప్రయోగం కారు తలుపులో రాత్రంతా జరుగుతోంది! ప్లస్ వైపు లోహం కరిగి, చిలుమై కూర్చుంటుంది.

మరి మిగతా మూడు తలుపులు బాగానే ఉండి, ఇదొక్కటే ఎందుకు పోయింది? కారు తలుపులోకి నీళ్ళు రావడం తప్పు కాదు. అద్దం పక్క నుంచి వాననీళ్ళు లోపలికి జారతాయి, తలుపు అడుగున ఉన్న చిల్లుల నుంచి బయటికి పోతాయి. లోపలి వైపు ఒక ప్లాస్టిక్ షీటు అతికించి, ఆ తడి ఇటు రాకుండా ఆపుతారు. మామయ్య ఆరు నెలల కిందట వెనక స్పీకర్లు మార్పించారు. అప్పుడు ఎడమ వైపు షీటు చించి, మళ్ళీ సరిగ్గా అతికించలేదు. దానికి తోడు అడుగు చిల్లుల్లో మైపాడు ఇసుక బిగుసుకుపోయింది. పైనుంచి తడి, కింద దారి లేదు.

చేసింది ఇంతే. చిల్లుల్లో చీపురు పుల్ల పెట్టి ఇసుక తీశాం. చిలుము పట్టిన పిన్ను కోసేసి కొత్తది బిగించాం, మిగతావి కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి డైఎలక్ట్రిక్ గ్రీజు పట్టించాం. షీటుని బ్యూటైల్ టేపుతో చుట్టూ మూశాం. అద్దం జారే రబ్బరుకి సిలికాన్ స్ప్రే కొట్టాం. ఇంట్లో ఉంది కదా అని ఇంజనాయిలు పూయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. రెగ్యులేటర్ కదిలేటప్పుడు చేతులు దూరంగా ఉంచండి, అది కత్తెర లాంటిది. బ్యాటరీ తీసి పెట్టాక ఒక్క నొక్కుతో ఎక్కే సదుపాయం పోతే, మాన్యువల్లో చెప్పిన ప్రకారం అద్దం పూర్తిగా ఎక్కించి బటన్ కొన్ని సెకన్లు పట్టుకుంటే మళ్ళీ నేర్చుకుంటుంది.

బటన్ నొక్కాను. అద్దం సర్రున దిగింది. మోటారుకి ఏ రోగమూ లేదు.

దిగకపోతే, బయటపడటం ఎలా?

రిపేరు కన్నా ముందు తెలియాల్సింది ఇది. 2025 మేలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆగి ఉన్న కారులో చిక్కుకుని నలుగురు చిన్నపిల్లలు చనిపోయారు. ఎండలో మూసి ఉన్న కారులో పది నిమిషాల్లోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరగొచ్చు. అందుకే ఆగి ఉన్న కారుకి ఎప్పుడూ తాళం వేయాలి. ఇంట్లో పిల్లలకి, పెద్దవాళ్ళకి మూడు విషయాలు చేసి చూపించండి. హారన్ ఎక్కడుంది. ముందు సీటులోకి ఎలా రావాలి, ఎందుకంటే చైల్డ్ లాక్ వెనక తలుపులకే ఉంటుంది. బటన్‌తో తెరుచుకునే తలుపులైతే, కరెంటు లేకుండా తీసే మెకానికల్ లివర్ ఎక్కడుంది.

రెండోది నీళ్ళు. 2021 నవంబరులో పెన్న వరదకి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే దెబ్బతిని రాకపోకలు ఆగిపోయాయి. మనకి ఇది ఊహ కాదు. తలుపు మీద 60 సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళు నిలిచి, లోపల ఇంకా నీళ్ళు రాలేదనుకోండి. తలుపు వెడల్పు 1 మీటరు. తోసే బలం = ½ × 1000 × 9.8 × 0.6 × 0.6 × 1 = 1764 న్యూటన్లు, అంటే సుమారు 180 కిలోల బరువు. మనిషి తోయలేడు. కాబట్టి తలుపుతో కుస్తీ వద్దు. నీళ్ళు కిటికీ అంచుకి రాకముందే బెల్టు తీసి, అద్దం దించి, అందులోంచి బయటపడాలి. తడిసినా 12 వోల్టుల మోటారు కొద్దిసేపు పనిచేసే అవకాశం ఉంది, ఆ కొద్దిసేపే మన గడువు. అద్దం దిగకపోతే పక్క అద్దాన్ని మూల మీద సుత్తితో కొట్టాలి. ముందు అద్దం జోలికి పోవద్దు, అది పొరలు అతికించినది, చిట్లుతుంది కానీ రాలదు. కొన్ని కొత్త కార్లలో పక్క అద్దాలు కూడా అలాంటివే, మీ బండిలో ఏ అద్దం టఫెన్డో అద్దం మూల మీది ముద్ర చూసి తెలుసుకోండి. ఆ చిన్న సుత్తి డిక్కీలో కాదు, చేతికందే చోట ఉండాలి.

అందుకే నత్తలా దిగే అద్దాన్ని "ఏసీ ఉందిగా" అని వదిలేయకూడదు. అది గాలి కోసం మాత్రమే కాదు, దారి కూడా.

అమ్మమ్మ ప్రశ్నకి జవాబు పట్టుకెళ్ళి చెప్పాను. రెండు బ్యాటరీలు, చిలుము, ఏడు వోల్టులు, అన్నీ. ఓపిగ్గా విని, "అంటే, పెద్దోడి దగ్గర ఎంత ఉన్నా, మధ్యలోవాడు తినేస్తే మనదాకా రాదన్నమాట. ఇది నాకు ఎప్పుడో తెలుసు గదరా" అంది.

పోయిన ఆదివారం మళ్ళీ మైపాడు వెళ్ళాం. చైల్డ్ లాక్ తీసేశాం. అద్దం మాత్రం ఆమే దించుకుంది.